బొగ్గు ముక్కలో ఒంటరి ఎలక్ట్రాన్లు

కాటారం చుట్టుపక్కల వారికి రాక్షసిబొగ్గును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పక్క మండలంలో తాడిచెర్ల ఓపెన్ కాస్ట్ గని ఉంది. భూపాలపల్లిలో సింగరేణి వారి బొగ్గుబాయిలున్నాయి. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గును మండించి విద్యుత్తు తయారు చేస్తున్నారు. జిల్లాలో ఎన్నో కుటుంబాలు బాయి పని మీదే బతుకుతున్నాయి.

అయినా ఒక బొగ్గు ముక్కను చేతిలోకి తీసుకుని "ఇందులో ఏముంది?" అని అడిగితే మనం చెప్పే జవాబు సాధారణంగా ఒక్కటే. "కార్బన్ ఉంది." ఆ జవాబు తప్పు కాదు, కాని పూర్తి జవాబు కాదు. ఆ ముక్కలో జత విడిపోయిన ఒంటరి ఎలక్ట్రాన్లు కోటానుకోట్లు ఉన్నాయి. అవి కంటికి కనబడవు. ఎంత మంచి సూక్ష్మదర్శినిలో చూసినా కనబడవు. వాటిని పట్టి చూపించే పద్ధతి ఒకటుంది. దాని పేరు ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం. పొట్టిగా ఈ.ఎస్.ఆర్. అంటారు.

ఈ ఒంటరి ఎలక్ట్రాన్లు ఎలా పుట్టాయి? వాటిని ఎలా లెక్కపెడతారు? బాయిలో దుమ్ము పీల్చే మనిషి ఊపిరితిత్తులకూ వీటికీ సంబంధం ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వరుసగా తెలుసుకుందాం.

జత కట్టడం ఎలక్ట్రాన్ల అలవాటు

రెండు పరమాణువుల మధ్య సంయోజనీయ బంధం ఏర్పడాలంటే రెండు ఎలక్ట్రాన్లు కావాలని మీరు రసాయన శాస్త్రంలో చదువుకున్నారు. నీటి అణువులో, మీథేన్‌లో, పంచదారలో అన్నిచోట్లా ఎలక్ట్రాన్లు జతలు జతలుగానే ఉంటాయి.

ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి, విద్యుదావేశం ఉన్నట్టే స్పిన్ అనే మరో గుణం ఉంది. దీనిని 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు యువ డచ్చి శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. స్పిన్ వల్ల ప్రతి ఎలక్ట్రానూ ఒక అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. జతలో ఉన్న రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి అనుకోండి. ఒకదాని అయస్కాంతత్వాన్ని మరొకటి రద్దు చేస్తుంది. అందువల్ల జతలో ఉన్న ఎలక్ట్రాన్లు బయటికి అయస్కాంతాల్లా కనబడవు.

ఇప్పుడు ఆ బంధం మధ్యకు తెగిందనుకోండి. అటు ఒక ఎలక్ట్రాన్, ఇటు ఒక ఎలక్ట్రాన్ మిగులుతాయి. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అటువంటి అణువును, లేదా అణువు ముక్కను, ఫ్రీ రాడికల్ అంటారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్వేచ్ఛా ప్రాతిపదిక అని రాస్తారు. ఈ వ్యాసంలో రాడికల్ అనే పిలుచుకుందాం. చాలా రాడికల్స్‌కు ఆయుష్షు తక్కువ. పక్కన ఏ అణువు దొరికితే దాని నుంచి ఒక పరమాణువునో, ఒక ఎలక్ట్రాన్‌నో లాక్కుని తమ లోటు పూడ్చుకుంటాయి. లాక్కోబడిన అణువు దెబ్బతింటుంది. రాడికల్స్‌కు ఉన్న చెడ్డపేరంతా ఈ గుణం వల్లనే వచ్చింది.

స్ఫటికాల్లో కూడా ఇటువంటి ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. స్ఫటికం అంటే పరమాణువులు వరుస తప్పకుండా పేర్చిన కట్టడం. కట్టడంలో ఒక ఇటుక లేకపోయినా, ఒక ఇటుక పగిలినా ఆ చోట లోపం ఏర్పడుతుంది. ఆ లోపంలో ఒక్కోసారి ఒక ఎలక్ట్రాన్ చిక్కుకుని ఉండిపోతుంది. రాడికల్ అయినా, స్ఫటిక లోపం అయినా ఈ.ఎస్.ఆర్. వెతికేది ఒక్కదాన్నే, జత లేని ఎలక్ట్రాన్‌ను.

చిన్న అయస్కాంతాన్ని గుర్తించేదెలా?

మీ పాఠశాల ప్రయోగశాలలో దిక్సూచి ఉంటుంది. దాని సూదిని వేలితో కాస్త కదిపి వదలండి. అటూ ఇటూ ఊగి, చివరకు ఉత్తరం వైపు నిలుస్తుంది. ఇప్పుడు ఒక దండాయస్కాంతాన్ని దగ్గరగా పెట్టి మళ్లీ కదపండి. ఈసారి సూది మరింత త్వరత్వరగా ఊగుతుంది. అయస్కాంత క్షేత్రం బలం పెరిగేకొద్దీ సూది ఊగే వేగం పెరుగుతుందన్నమాట.

ఎలక్ట్రాన్ కూడా ఒక చిన్న అయస్కాంతమే కదా! దానికీ అయస్కాంత క్షేత్రంలో ఒక సొంత పౌనఃపున్యం ఉంటుంది. అయితే రెండింటికీ తేడా ఉంది. దిక్సూచి సూది ఏ దిశలోనైనా నిలవగలదు. ఎలక్ట్రాన్‌కు మాత్రం రెండే స్థితులు. క్షేత్రంతో పాటు ఒకటి, క్షేత్రానికి ఎదురుగా మరొకటి. ఈ రెండు స్థితుల శక్తిలో కొద్దిపాటి భేదం ఉంటుంది. సరిగ్గా ఆ భేదానికి సరిపడే శక్తిని తరంగ రూపంలో అందిస్తే కింది స్థితిలోని ఎలక్ట్రాన్ దానిని తీసుకుని పై స్థితికి మారుతుంది. శక్తి కాస్త తక్కువైనా, కాస్త ఎక్కువైనా మారదు.

ఊయల ఊపడం మీకు తెలుసు. ఊయల తన లయలో వెనక్కి వచ్చినప్పుడల్లా చిన్నగా తోస్తే చాలు, ఎత్తుకు లేస్తుంది. లయ తప్పి తోస్తే ఎంత బలం పెట్టినా ప్రయోజనం ఉండదు. లయకు లయ కలవడాన్నే అనునాదం అంటారు. ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం అన్న పేరుకు అర్థం ఇదే.

లెక్క చాలా తేలిక. అయస్కాంత క్షేత్రం 1 టెస్లా అయితే ఒంటరి ఎలక్ట్రాన్ అనునాద పౌనఃపున్యం సుమారు 28 గిగాహెర్ట్జ్. క్షేత్రం సగమైతే పౌనఃపున్యం సగం, రెట్టింపైతే రెట్టింపు. ప్రయోగశాలల్లో సాధారణంగా 0.34 టెస్లా క్షేత్రం వాడతారు. 28ని 0.34తో గుణించండి. సుమారు 9.5 గిగాహెర్ట్జ్ వస్తుంది. ఇవి 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల సూక్ష్మతరంగాలు, అంటే మైక్రోవేవ్‌లు. రాడార్‌లో వాడే రకం తరంగాలు.

పరికరంలో ఒక పెద్ద విద్యుదయస్కాంతం ఉంటుంది. దాని రెండు ధ్రువాల మధ్య ఒక లోహపు పెట్టె. పరీక్షించవలసిన పొడిని సన్నని క్వార్ట్జ్ గొట్టంలో వేసి ఆ పెట్టెలో నిలుపుతారు. పెట్టెలోకి ఒకే పౌనఃపున్యం గల సూక్ష్మతరంగాలను పంపుతారు. రేడియోలో మనం స్టేషన్ కోసం పౌనఃపున్యాన్ని మారుస్తాం. ఇక్కడ పౌనఃపున్యాన్ని కదపకుండా, అయస్కాంత క్షేత్రాన్ని నెమ్మదిగా పెంచుతూ పోతారు. ఒకచోట అనునాదం కుదురుతుంది. ఒంటరి ఎలక్ట్రాన్లు తరంగాల శక్తిని కొంత పీల్చుకుంటాయి. ఆ చోట కాగితం మీద గీత వంకర తిరుగుతుంది. ఆ వంకర ఎంత పెద్దదైతే ఒంటరి ఎలక్ట్రాన్లు అంత ఎక్కువ. అది ఏ క్షేత్రం దగ్గర వచ్చిందో చూస్తే ఆ ఎలక్ట్రాన్ ఎటువంటి పరిసరాల్లో ఉందో తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. తరంగాలు కింది స్థితి ఎలక్ట్రాన్లను పైకి లేపుతాయి. పై స్థితి వాటిని కిందికి కూడా దించుతాయి. దిగేటప్పుడు ఎలక్ట్రాన్ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. రెండు స్థితుల్లోనూ ఎలక్ట్రాన్లు సమానంగా ఉంటే లాభనష్టాలు సరిపోయి ఏ సంకేతమూ రాదు. మామూలు గది ఉష్ణోగ్రత వద్ద, పైన చెప్పిన క్షేత్రంలో, 10,000 ఒంటరి ఎలక్ట్రాన్లను తీసుకుంటే కింది స్థితిలో సుమారు 5,004, పై స్థితిలో 4,996 ఉంటాయి. ఆ ఎనిమిదింటి తేడాయే పరికరం పట్టుకునేది! అంత స్వల్పమైన తేడాను పట్టుకోగలిగితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది.

కజాన్ నుంచి సౌతాంప్టన్ దాకా

ఈ అనునాదాన్ని మొదట చూసినవాడు యెవ్గెనీ జవోయ్‌స్కీ. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1944లో, సోవియట్ దేశంలోని కజాన్ నగరంలో రాగి, మాంగనీస్ వంటి లోహాల లవణాల మీద ప్రయోగాలు చేసి ఆయన దీనిని కనుగొన్నాడు. యుద్ధం ముగిసేసరికి రాడార్ కోసం తయారైన సూక్ష్మతరంగ పరికరాలు విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి వచ్చాయి. దానితో ఈ పద్ధతి ఇంగ్లండు, అమెరికా, ఫ్రాన్సు దేశాల్లో త్వరగా వ్యాపించింది.

తొలి సంవత్సరాల్లో శాస్త్రజ్ఞులు ఎక్కువగా లోహ లవణాలనే పరీక్షించారు. 1954లో కొందరు బొగ్గును ఆ పరికరంలో పెట్టి చూశారు. ఫ్రాన్సులో ఊబర్స్‌ఫెల్డ్, ఆయన సహచరులు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఇంగ్రమ్ బృందం. ఈ రెండు చోట్లా ఆ ఏడాదే స్పష్టమైన సంకేతం వచ్చింది. సాధారణంగా రాడికల్ అంటే క్షణకాలం ఉండి పోయేది. కాని కోట్ల సంవత్సరాలు భూమిలో ఉన్న బొగ్గులో రాడికల్స్ ఇంకా మిగిలి ఉన్నాయి!

బొగ్గు చెప్పిన కథ

సింగరేణి బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల నాటి వృక్షజాలం నుంచి ఏర్పడింది. ఆనాడు మన దేశం గోండ్వానా అనే మహాఖండంలో భాగం. గ్లోసోప్టెరిస్ జాతి మొక్కలు చిత్తడి నేలల్లో పెరిగి, కూలి, పొరలు పొరలుగా పూడుకుపోయాయి. మన కాలానికి వస్తే, 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ యెల్లందు ప్రాంతంలో ఈ బొగ్గును గుర్తించాడు. సింగరేణి గనుల చరిత్ర అక్కడి నుంచే మొదలైంది.

పూడుకుపోయిన కొయ్య బొగ్గుగా మారడం అంటే ఏమిటి? పైనున్న మట్టి, రాళ్ల ఒత్తిడికి, భూమి లోపలి వేడికి కొయ్యలోని బంధాలు ఒక్కొక్కటే తెగుతాయి. నీరు, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ బయటికి పోతాయి. కార్బన్ శాతం పెరుగుతుంది. మిగిలిన కార్బన్ పరమాణువులు బెంజీన్ వలయాల్లా ఆరేసి చొప్పున చేరి, తేనెపట్టు గదుల్లా పక్కపక్కన అతుక్కుని చిన్న చిన్న పలకలుగా తయారవుతాయి.

బంధం తెగినప్పుడు మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ ఈ పలక మీదనే ఉండిపోతుంది. అది ఒక్క పరమాణువు దగ్గర నిలవదు. పలకంతా పరచుకుంటుంది. అలా పరచుకోవడం వల్ల దాని శక్తి తగ్గి నిలకడ వస్తుంది. పైగా బొగ్గు గట్టి పదార్థం. ఒక పలకలోని ఒంటరి ఎలక్ట్రాన్ వెళ్లి మరో పలకలోని ఒంటరి ఎలక్ట్రాన్‌ను కలవడానికి దారి లేదు. ఈ రెండు కారణాల వల్ల బొగ్గులోని రాడికల్స్ కోట్ల సంవత్సరాలు చెక్కుచెదరకుండా ఉండగలిగాయి.

ఇక ఎన్ని ఉన్నాయో చూద్దాం. ఒక గ్రాము బొగ్గులో ఉండే ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటి పక్కన 18 లేక 19 సున్నాలు పెట్టినంత. అదే గ్రాములో కార్బన్ పరమాణువులు సుమారు నాలుగు పక్కన 22 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. భాగించి చూడండి. కొన్ని వేల కార్బన్ పరమాణువులకో, కొన్ని పదివేలకో ఒక ఒంటరి ఎలక్ట్రాన్ చొప్పున వస్తుంది. ఊరంతటికీ ఒక్కడు ఉన్నట్టు! అయినా పరికరానికి ఒక మిల్లీగ్రాము పొడి చాలు.

మొక్కల పీట్ నుంచి లిగ్నైట్, లిగ్నైట్ నుంచి బిట్యుమినస్, అక్కడి నుంచి ఆంత్రసైట్ - ఇదీ బొగ్గు ముదిరే క్రమం. బొగ్గు ముదిరేకొద్దీ ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతూ వస్తుంది. బాగా ముదిరి, కార్బన్ శాతం 90 దాటి ఇంకా పైకి పోయిన తరువాత సంఖ్య మళ్లీ పడిపోతుంది. అప్పటికి పలకలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసి గ్రాఫైట్ స్వభావం రావడం మొదలవుతుంది. కనుక ఈ.ఎస్.ఆర్. సంకేతం చూసి బొగ్గు ఎంత ముదిరిందో అంచనా కట్టవచ్చు.

వంటచెరకు నుంచి వచ్చే కట్టెబొగ్గులో కూడా ఈ సంకేతం ఉంటుంది. గాలి తగలకుండా కట్టెను వేడి చేస్తే, సుమారు 550, 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాడికల్స్ ఎక్కువగా ఉంటాయి. వేడి ఇంకా పెంచితే తగ్గిపోతాయి. భూమి కోట్ల సంవత్సరాల్లో చేసిన పనిని పోలిన పనిని నిప్పు కొన్ని గంటల్లో చేస్తుందన్నమాట.

కట్టెబొగ్గులో మరో వింత కనబడింది. గొట్టంలోని గాలిని తోడేస్తే సంకేతం సన్నగా, పొడవుగా వస్తుంది. గాలిని మళ్లీ వదిలితే వెడల్పుగా పరచుకుని మసకబారుతుంది. కారణం ఆక్సిజన్. ఆక్సిజన్ అణువులోనే జత లేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అవి దగ్గరికి రాగానే బొగ్గులోని ఒంటరి ఎలక్ట్రాన్ల లయ చెదిరిపోతుంది.

కొత్తగా పగిలిన రాయి

ఇంతవరకు చెప్పుకున్న రాడికల్స్ పాతవి, బొగ్గులో బందీలై ఉన్నవి. వాటి వల్ల బొగ్గు ముక్కను చేత్తో పట్టుకున్న వారికి ఏ అపాయమూ లేదు. ఇప్పుడు రెండో రకం గురించి తెలుసుకోవాలి. రాయిని గాని, బొగ్గును గాని పగలగొట్టినప్పుడు అప్పటికప్పుడు పుట్టే రాడికల్స్ ఇవి.

బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి ఉంటుంది. ఇసుకరాయిలో ప్రధానమైనది క్వార్ట్జ్, అంటే సిలికా స్ఫటికం. అందులో ప్రతి సిలికాన్ పరమాణువూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో బంధించబడి ఉంటుంది. డ్రిల్లు యంత్రం రాయిని తొలిచినప్పుడు, క్రషర్ కంకర కొట్టినప్పుడు ఈ బంధాలు తెగుతాయి. పగిలిన ముఖం మీద విరిగిన కొమ్మల చివరల్లా తెగిన బంధాలు నిలుస్తాయి. ప్రతి చివరా ఒక ఒంటరి ఎలక్ట్రాన్.

అమెరికాలో పశ్చిమ వర్జీనియా కూడా మన ప్రాంతంలాగే బొగ్గు సీమ. అక్కడి మోర్గన్‌టౌన్ నగరంలో వి. వల్యాథన్, ఎన్. ఎస్. దలాల్, వారి సహచరులు ఈ సంగతిని ఈ.ఎస్.ఆర్. పరికరంతో పరీక్షించారు. 1988లో వారు ప్రకటించిన ఫలితం ఇది. అప్పుడే నూరిన సిలికా పొడిలో సిలికాన్ రాడికల్స్ ఉన్నాయి. పొడిని గాలిలో ఊరక ఉంచితే కాలం గడిచేకొద్దీ అవి తగ్గిపోయాయి. కొత్త పొడిని నీటిలో వేస్తే మరో రాడికల్ పుట్టింది. దాని పేరు హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసినది. నీటి అణువులో నుంచి ఒక హైడ్రోజన్ పరమాణువును తీసేస్తే మిగిలేది ఇదే. రాడికల్స్‌లోకెల్లా మహా దూకుడైనది. ఎదురుపడిన ఏ జీవపదార్థాన్నయినా దెబ్బతీస్తుంది.

మన ఊపిరితిత్తుల లోపలి గోడలు ఎప్పుడూ తడిగా ఉంటాయని గుర్తు చేసుకోండి. కొత్తగా పగిలిన సిలికా రేణువు అక్కడ వాలితే ఏమవుతుందో ఇప్పుడు మీరే ఊహించగలరు.

1989లో ఆ శాస్త్రజ్ఞులే అప్పుడే నూరిన బొగ్గులో కూడా కొత్త రాడికల్స్ పుడతాయని చూపించారు. 1991లో, చనిపోయిన బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల ముక్కలను పరీక్షించారు. పాత రకం బొగ్గు రాడికల్స్ సంకేతం ఆ కణజాలంలో కనబడింది. ఊపిరితిత్తుల్లో చేరిన బొగ్గు బయటికి పోలేదన్నమాట. మనిషి తన జీవితంలో పీల్చిన దుమ్ములో కొంత అక్కడే ఉంది. 1995లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, నిలవ ఉంచిన సిలికా పొడి కన్నా అప్పుడే నూరిన సిలికా పొడిని పీల్చిన ఎలుకల ఊపిరితిత్తులు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఊపిరితిత్తుల్లోకి చేరిన రేణువును మింగి తొలగించడానికి భక్షక కణాలు వస్తాయి. రేణువు వాటినే చంపుతుంది. చచ్చిన కణాల చోటికి మరికొన్ని కణాలు వస్తాయి. ఈ పోరాటం ఏళ్ల తరబడి సాగితే మెత్తటి కణజాలం పోయి గట్టి మచ్చలు కడతాయి. శ్వాస అందదు. సిలికా వల్ల వచ్చే ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. బొగ్గుదుమ్ము వల్ల వచ్చేది బొగ్గు కార్మికుల న్యూమోకోనియోసిస్. ఒకసారి కట్టిన మచ్చను కరిగించే మందు లేదు. రాడికల్స్ ఒక్కటే ఈ జబ్బుకు కారణమని అనుకోకూడదు. ఎంత దుమ్ము, ఎంత సన్నని దుమ్ము, ఎన్నేళ్లు పీల్చారన్నవి కూడా ముఖ్యమైన విషయాలే. అయితే ఒకే బరువున్న రెండు రకాల దుమ్ములో ఒకటి ఎందుకు ఎక్కువ హాని చేస్తుందన్న ప్రశ్నకు ఈ.ఎస్.ఆర్. ఒక మంచి జవాబు ఇచ్చింది.

మాయమయ్యే దాన్ని పట్టే వల

హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన మరుక్షణమే మాయమవుతుంది. మరి దానిని పరికరంలో ఎలా చూశారు? ఇక్కడ శాస్త్రజ్ఞులు చేపలు పట్టేవారి ఉపాయం వాడారు. చేప వెంట పరుగెత్తకుండా ముందే వల వేసి ఉంచారు. ఆ వల ఒక ప్రత్యేకమైన అణువు. దానిని నీటిలో ముందే కలుపుతారు. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టగానే వచ్చి దానికి అతుక్కుంటుంది. ఒంటరి ఎలక్ట్రాన్ అప్పుడు వల అణువు మీదికి చేరుతుంది. ఈ కొత్త రాడికల్ నిమిషాల పాటు నిలుస్తుంది. దానిని తీరికగా పరీక్షించవచ్చు. ఈ ఉపాయాన్ని స్పిన్ ట్రాపింగ్, అంటే స్పిన్‌కు వల వేయడం అంటారు.

వలలో పడింది హైడ్రాక్సిలే అని ఎలా తెలుస్తుంది? ఒంటరి ఎలక్ట్రాన్ పక్కనున్న పరమాణు కేంద్రకాలు కూడా చిన్న అయస్కాంతాలే. అవి ఎలక్ట్రాన్ సంకేతాన్ని అనేక గీతలుగా చీలుస్తాయి. పక్కన ఒక నైట్రోజన్ ఉంటే ఒక గీత మూడవుతుంది. పక్కన ఒక హైడ్రోజన్ ఉంటే ప్రతి గీతా రెండవుతుంది. వల అణువులో ఈ రెండూ ఉన్నాయి. అప్పుడు ఆరు గీతలు రావాలి కదా? కాని హైడ్రాక్సిల్ పడినప్పుడు ఈ రెండు చీలికల దూరం ఒక్కటే అవుతుంది. అందువల్ల మధ్య గీతలు ఒకదాని మీద ఒకటి పడి నాలుగే కనబడతాయి. వాటి ఎత్తులు 1, 2, 2, 1 నిష్పత్తిలో ఉంటాయి. గళ్ల కాగితం మీద గీసి చూడండి. సమాన దూరంలో మూడు గీతలు గీయండి. ప్రతి దానినీ సగం గడి ఎడమకు, సగం గడి కుడికి జరిపి రెండేసి గీతలు చేయండి. ఒకే చోట పడిన వాటిని కూడండి. 1, 2, 2, 1 వస్తుంది. మోర్గన్‌టౌన్‌లో సిలికా పొడి కలిపిన నీటిలో కనబడింది ఈ నాలుగు గీతలే. మరో రాడికల్ పడితే గీతల వరుస వేరుగా ఉంటుంది.

పంటి మీద నడిచే గడియారం

ఒంటరి ఎలక్ట్రాన్ అపాయాన్ని చూపించడమే కాదు, కాలాన్ని కూడా చెప్పగలదు. ఇది బొగ్గు విషయం కాదు, పళ్ల విషయం. పంటి పైపొర ఎనామెల్ ఒక స్ఫటిక పదార్థం. నేలలో యురేనియం, థోరియం, పొటాషియం అతి కొద్ది పరిమాణాల్లో ఎప్పుడూ ఉంటాయి. పూడుకుపోయిన పంటి మీద వాటి రేడియో ధార్మిక కిరణాలు ఏళ్ల తరబడి పడుతుంటాయి. ఆ కిరణాల దెబ్బకు ఎలక్ట్రాన్లు జత విడిపోయి ఎనామెల్ లోపాల్లో చిక్కుకుంటాయి. చూరు నీళ్లు చుక్కచుక్కగా కుండలో నిండుతున్నట్టు, ఏటేటా వాటి సంఖ్య పెరుగుతుంది. కుండలో ఎన్ని నీళ్లున్నాయో, ఏడాదికి ఎన్ని పడతాయో తెలిస్తే ఎన్నేళ్లుగా నిండుతోందో లెక్క కట్టవచ్చు.

కర్ణాటకలో, ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన సురపురం ప్రాంతంలో, హుణసగి లోయలో ఇసాంపూర్ అనే చోటు ఉంది. ఆదిమానవులు సున్నపురాయితో చేతిగొడ్డళ్లు తయారు చేసుకున్న చోటు అది. పుణేలోని దక్కన్ కాలేజీకి చెందిన తెలుగు పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆచార్య కె. పద్దయ్య నాయకత్వాన 1997 నుంచి అక్కడ తవ్వకాలు జరిగాయి. పనిముట్లతో పాటు దొరికిన పశుజాతి జంతువుల పళ్ల ఎనామెల్‌ను ఈ.ఎస్.ఆర్. పద్ధతిలో పరీక్షించారు. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం వాటి వయస్సు సుమారు 12 లక్షల సంవత్సరాలు. దక్కను నేల మీద మానవజాతి పూర్వీకులు ఎంతకాలం కిందట తిరిగారో చెప్పిన ముఖ్యమైన ఆధారాల్లో అది ఒకటి.

ఈ గడియారానికి హద్దు కూడా ఉంది. కుండ నిండిపోయిన తరువాత ఎన్ని చుక్కలు పడినా లెక్క తెలియదు. గోదావరికి అవతల యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని మీలో కొందరు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూసి ఉంటారు. ఆ డైనోసార్ జురాసిక్ యుగానికి చెందినది, అనేక కోట్ల ఏళ్ల నాటిది. దాని వయస్సు ఈ.ఎస్.ఆర్. చెప్పలేదు. అందుకు ఆ పొరల్లోని ఇతర శిలాజాలు, రాళ్లు సాక్ష్యం చెప్పాలి.

మన రాష్ట్రాల్లో ఈ పరికరాలు లేకపోలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగంలో గాజులు, ఖనిజాల మీద ఈ పద్ధతితో ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా ఈ పరికరం ఉంది. మీలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదవబోయే వారికి అక్కడ దీనిని దగ్గరగా చూసే అవకాశం రావచ్చు.

దుమ్ము దగ్గర మనం చేయవలసినది

ఈ.ఎస్.ఆర్. నేర్పిన పాఠం మన ఇళ్లకు పనికివచ్చేదే. అన్నిటికన్నా అపాయకరమైన దుమ్ము అప్పుడే పుట్టిన దుమ్ము. బాయిలో డ్రిల్లు దగ్గర, కట్టింగ్ యంత్రం దగ్గర, ఊరి చివర కంకర మిల్లు దగ్గర, బోరు వేసే చోట, గ్రానైట్ కోసే చోట లేచేది అటువంటి దుమ్మే. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోయే రేణువులు 5 మైక్రాన్ల కన్నా చిన్నవి. అవి కంటికి కనబడవు. కనబడే దుమ్ము అణిగిపోయింది కదా అని గాలి శుభ్రమైందనుకోకూడదు.

అందుకే రాయిని తొలిచేటప్పుడు నీటిధార పెట్టడం, బొగ్గు పడేచోట నీళ్లు చల్లడం, గాలి ధారాళంగా ఆడేటట్టు చేయడం చాలా అవసరం. రేణువు గాలిలోకి లేవకముందే నీటిలో కలిస్తే అది మన ఊపిరితిత్తులకు చేరదు. దాని రాడికల్స్ ఆ నీటిలోనే ఖర్చయిపోతాయి. ముక్కుకు మామూలు తువాలు కట్టుకుంటే పెద్ద రేణువులు ఆగుతాయేమో గాని, ఈ సన్నని రేణువులు ఆగవు. దుమ్ము కోసం ప్రత్యేకంగా చేసిన మాస్కు కావాలి. అది ముఖానికి సందు లేకుండా అంటుకుని ఉండాలి. మీ నాన్నగారో, అన్నగారో, మేనమామో అటువంటి పనికి వెళుతుంటే ఈ సంగతులు వారికి చెప్పండి. ఏటా జరిగే వైద్య పరీక్షను, ఛాతీ ఎక్స్‌రేను తప్పించుకోవద్దని కూడా చెప్పండి. జబ్బు తొలిదశలో ఆయాసం తెలియదు, ఎక్స్‌రేలో మాత్రం మచ్చ తెలుస్తుంది.

లెక్క చేసి చూడండి

భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో సుమారు 0.4 గాస్ ఉంటుంది. 10,000 గాస్‌లు అయితే 1 టెస్లా. 1 టెస్లాకు 28 గిగాహెర్ట్జ్ చొప్పున, భూమి క్షేత్రంలో ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ అనునాద పౌనఃపున్యం ఎంత? ఆ పౌనఃపున్యం మీకు తెలిసిన ఏ తరంగాల్లోకి వస్తుంది?

జవాబు: 0.4 గాస్ అంటే 0.00004 టెస్లా. దానిని 28తో గుణిస్తే 0.00112 గిగాహెర్ట్జ్, అంటే 1,120 కిలోహెర్ట్జ్. ఇది రేడియోలో మీడియం వేవ్ తరంగాల పౌనఃపున్యం.